కుడి చెవి రోడ్డుకి వదిలెయ్యండి

2017, జూన్ నెల. బరంపురం గేట్ బజారు దగ్గర ఒక సందులో ఉన్న చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో నేను ఆడియోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. అప్పటికి ఎనిమిదేళ్ళ అనుభవం. ఆడియోమెట్రిస్టు అంటే వినికిడి కొలిచే మనిషి. మా చుట్టాలకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పెళ్ళిళ్ళలో నన్ను చెవుల్లో గుబిలి తీసే అమ్మాయి అని పరిచయం చేస్తుంటారు. గుబిలి డాక్టరుగారు తీస్తారు, నేను కొలుస్తాను అని సరిదిద్దేలోపు వాళ్ళు భోజనాల వైపు వెళ్ళిపోతారు.

మా పని చూడ్డానికి సులువు. గోడలకి స్పాంజి అతికించిన చిన్న గదిలో పేషెంటుని కూర్చోబెట్టి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, తలుపు వేస్తాం. అద్దానికి ఇవతల కూర్చుని మిషన్ మీద మీటలు నొక్కుతాం. ఒక్కో చెవిలో సన్నటి కూత వినిపిస్తుంది. వినపడితే వేలెత్తాలి. ఎంత చిన్న కూతకి వేలు లేచిందో కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే చివరికి ఒక గీత తయారవుతుంది. దాని పేరు ఆడియోగ్రామ్. కుడి చెవిది ఎర్రగీత, ఎడమ చెవిది నీలంగీత. మందో, వినికిడి మిషనో, ఆపరేషనో డాక్టరుగారు రాసేది ఆ గీతలు చూసే. నా గీత తప్పితే ఆ తరవాతవన్నీ తప్పుతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

నాకు చెయ్యి చురుకని పేరు. వేరే చోట అరగంట పట్టే పరీక్ష నేను పన్నెండు నిమిషాల్లో ముగించేదాన్ని. డాక్టరుగారు నలుగురి ముందూ మెచ్చుకునేవారు. పొగడ్త వినీ వినీ నా చెవులకి మందం పట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజు గురువారం. పొద్దున్న పదిన్నరకి లోకనాథం అనే ఆయన్ని భార్య దమయంతి దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయనకి నలభై అయిదు దాటి ఉంటాయి. ఇంట్లో ఆవిడా మరో ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి మినప అప్పడాలు వత్తుతారు. ఆయన వాటిని సైకిలు మీద పెట్టుకుని ఊళ్ళో కిరాణా కొట్లకీ భోజన హోటళ్ళకీ వేసొస్తాడు. మెడలో తెల్లటి ఇయర్‌ఫోన్ వైరు వేలాడుతోంది. డాక్టరుగారు అప్పటికే చెవులు చూసి, చీటీ మీద రెండు కర్ణభేరులూ బాగున్నాయని రాసి, వినికిడి పరీక్షకి నా దగ్గరికి పంపారు. ఆ వెంటనే ఆయన వేరే ఆస్పత్రిలో ఆపరేషన్ ఉందని వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి రిపోర్టుల మీద సంతకాలు పెడతారు.

దమయంతి నిలబడే మొదలుపెట్టింది. "ఎనకనుంచి పిలిస్తే పలకడమ్మా. ముందుకొచ్చి సెయ్యి ఊపితేగానీ సూడడు. ఆ వైర్లు రెండు సెవుల్లోనూ ఎట్టుకుని బజారంతా తిరుగుతాడు. మొన్న బస్సు రాసుకుని ఎల్లిపోనాది. నాకు పేణం ఒణుకుతంది."

లోకనాథం నవ్వాడు. ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయనీ, ఎత్తకపోతే కొట్టువాళ్ళు వేరేవాడి దగ్గర కొనేసుకుంటారనీ చెప్పాడు. వైరు మీద బొత్తాం నొక్కి, తొక్కుతూనే ఫోను ఎలా ఎత్తుతాడో నాకు చూపించాడు కూడా. మధ్యమధ్యలో పాటలు వింటాడట. పాట ఎప్పుడూ ఎడమ పక్కనే వినిపిస్తుందని, చవక వైరు కదా అని తనే దానికి కారణం చెప్పుకున్నాడు. ఆ మాట నా ముందే అన్నాడు. నేను తలూపి ఆయన్ని గదిలోకి పంపేశాను.

ఎడమ చెవి బంగారంలా ఉంది. కుడి చెవిలో కూత బాగా పెంచాక గాని వేలు లేవలేదు. అయినా లేచింది. చెవి వెనక ఎముక మీద బిళ్ళ పెట్టి నరాన్ని చూస్తే, చిన్న కూతకే లేచింది. బయట మా అటెండరు బిపిన్ తలుపు సందులోంచి తొంగి చూసి, ఇంకా పన్నెండు మంది కూర్చున్నారని ఒడియాలో గుర్తుచేశాడు. కుడి చెవికి మరో దఫా పరీక్ష చెయ్యాలి. దాని సంగతి తరవాత చెప్తాను. అది చెయ్యకుండానే హెడ్‌ఫోన్లు తీసేశాను.

రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నాను. దమయంతి కదల్లేదు. ఏదో ఒక మాట చెప్పమని బతిమాలింది. చెప్పాల్సింది డాక్టరుగారు. నేను నోరు విప్పకూడదు. కానీ ఆవిడ మొహంలో భయం చూస్తే ఊరుకోలేకపోయాను. భయపడేవాళ్ళని చూస్తే రెండు మంచి మాటలు చెప్పి పంపడం నాకు అలవాటు.

"కుడి చెవి కాస్త మందం, అంతే అన్నయ్యా. నరం బాగానే ఉంది, మందులతో తగ్గుద్ది. వైరు మాత్రం రెండు చెవుల్లోనూ పెట్టకండి. ఎడమ చెవిలో పెట్టుకోండి. బళ్ళు కుడి వైపునుంచే కదా దాటేది. కుడి చెవి రోడ్డుకి వదిలెయ్యండి."

ఆయనకి ఈ ఏర్పాటు ఎంత నచ్చిందో. చూశావా అన్నట్టు భార్య వైపు తిరిగాడు. ఆవిడ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నాకు దణ్ణం పెట్టి మెట్లు దిగారు. ఆవిడ అప్పడాల పనికి ఇంటికి, ఆయన సైకిలు తీసుకుని బజారుకి. ఆయన మెట్లు దిగుతూనే ఎడమ చెవిలో వైరు పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. చెప్పిన మాట వినే పేషెంటు దొరికాడని సంతోషించాను.

మధ్యాహ్నం రెండున్నరకి జనం తగ్గారు. టిఫిన్ డబ్బా తెరిచి, పెరుగన్నం తింటూ పొద్దుటి రిపోర్టులు సాపు రాసుకుంటున్నాను. లోకనాథం కాగితం వచ్చింది. పక్కనే డాక్టరుగారి చీటీ. కర్ణభేరి బాగుంది, గుబిలి లేదు, చీము లేదు. నా గీతల ప్రకారం నరం బాగుంది, చెవి ముందు భాగంలోనే ఎక్కడో అడ్డు ఉండాలి. ఏమీ అడ్డు లేని చెవికి ఇంత మందం ఎలా వచ్చింది? మళ్ళీ చూశాను. ఎర్రగీత నీలంగీతకి కింద, అదే ఎత్తుపల్లాలతో, అచ్చు దాని వెనకాలే నడుస్తోంది. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఒక చెవిలో శబ్దం బాగా పెంచితే అది ఆ చెవితో ఆగదు. పుర్రె ఎముకని కదిపి అవతలి చెవికి చేరుతుంది. అవతలి మంచి చెవి విని, వేలెత్తిస్తుంది. ఏ చెవి విన్నదో పేషెంటుకి తెలీదు. అందుకే మందంగా ఉన్న చెవిని పరీక్షించేటప్పుడు మంచి చెవిలో జోరువాన లాంటి హోరు పెట్టి దాన్ని పక్కకి తప్పిస్తాం. దీన్ని మాస్కింగ్ అంటారు. నేను పొద్దున్న వదిలేసింది అదే. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఆ హోరుకే వేలెత్తేస్తారు. హోరు వేరు, కూత వేరు అని తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పి ఒప్పించేసరికి పది నిమిషాలు పోతాయి. మాస్కింగ్ లేకుండా వచ్చిన గీతని షాడో కర్వ్ అంటారు. నేను కొలిచింది కుడి చెవిని కాదు. కుడి చెవి తలుపు తట్టాను, ఎడమ చెవి పలికింది.

అంటే కుడి చెవి బహుశా పూర్తిగా పోయింది. ఉన్నది ఎడమ చెవి ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ పాటలతో మూసుకుని బరంపురం బజారులో సైకిలు తొక్కమని చెప్పి పంపింది నేనే.

రిజిస్టరులో ఆయన నంబరు ఉంది. నొక్కేశాను. ఒక రింగు వినిపించింది. అప్పుడు తట్టింది, ఆ రింగు ఇప్పుడు ఆయన ఎడమ చెవిలోనే మోగుతోందని. ఉన్న ఒక్క చెవిలో, నడిరోడ్డు మీద. గబుక్కున కట్ చేశాను. ఫోన్ చెయ్యకపోతే ఆయనకి తెలీదు, చేస్తే ఆ చెవి కూడా లేకుండా చేస్తాను. దమయంతికి వేరే ఫోను లేదు. బిపిన్‌కి క్లినిక్ అప్పగించి స్కూటీ తీశాను.

మధ్యాహ్నం పెద్ద బజారు కొట్లు, నాలుగయ్యాక కొత్త బస్టాండు దగ్గర హోటళ్ళు అని ఆయన పొద్దున్న మాటల్లో చెప్పాడు. పెద్ద బజారులో ఉన్నంతసేపూ నాకు కళ్ళకంటే చెవులే ఎక్కువ పనిచేశాయి. ఆటో హారను, రిక్షా గంట, వాటర్ ట్యాంకర్ బ్రేకు నుంచి వచ్చే బుస్సుమనే గాలి, వెనక నుంచి జరగమని అరిచే హమాలీ గొంతు. ఒక్కోటి వినపడుతుంటే, ఇది ఆయనకి లేదు, ఇదీ లేదు అనుకుంటూ నడిపాను. అన్నేళ్ళు వినికిడి కొలిచాను గాని, వినికిడి మనిషిని ఎన్నిసార్లు కాపాడుతుందో ఆ అరగంటలోనే లెక్కకొచ్చింది. మనసులోనే మా ఊరి దేవత ఠాకురాణమ్మకి మొక్కుకున్నాను.

పప్పుల కొట్టు తెలుగు షావుకారు నిద్రమొహంతో బయటికొచ్చి, లోకనాథం ఇప్పుడే కట్టలు దించి వెళ్ళాడన్నాడు. బస్టాండు వైపు. నేను ఎందుకు వెతుకుతున్నానో అడిగాడు. నేను అప్పటికే స్కూటీ తిప్పేశాను.

కొత్త బస్టాండుకి పోయే రోడ్డు వెడల్పుగా ఉంటుంది. ఊళ్ళో నలుగుతూ వచ్చిన బస్సులు అక్కడికి రాగానే కసి తీర్చుకున్నట్టు పరిగెడతాయి. ఆ రోడ్డు మీద ఆయన్ని చూశాను. నాకు ముందు యాభై గజాల దూరంలో, ఎడమ అంచున, వెనక రేకు డబ్బా, దానికి రెండు పక్కలా అప్పడాల సంచులు. తాపీగా తొక్కుతున్నాడు. ఎడమ చెవిలో వైరు ఉంది. బతికే ఉన్నాడనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిలవబోయి ఆగాను. పిలిస్తే వినపడదు. హారను కొడితే వినపడదు. పక్కకి వెళ్ళి భుజం తడితే ఉలిక్కిపడి ఎటు తిప్పుతాడో తెలీదు. ఇంతలో నా వెనక బస్సు హారను మొదలైంది. చెవులు చిల్లులు పడేలా ఉంది. రోడ్డు పక్క పళ్ళ బండి వాడు కూడా తల తిప్పి చూశాడు. లోకనాథం మెడ కదల్లేదు. ఆయన ముందు, రోడ్డు అంచున, ఒక ఆటో ఆగి ఉంది. దాన్ని దాటాలంటే కుడివైపుకి రావాలి. ఎవరైనా ఒకసారి వెనక్కి చూసి వస్తారు. ఆయన చూడలేదు. నా మాట నమ్మి, కుడి చెవిని రోడ్డుకి వదిలేసి, చూడకుండా కుడివైపుకి వచ్చేశాడు.

ఆ తరవాత నేను చేసింది ధైర్యం కాదు. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాను. స్కూటీని బస్సుకీ సైకిలుకీ మధ్యకి తిప్పి, చెయ్యి బారుగా చాపాను. బ్రేకులు కీచుమన్నాయి. బస్సు ముందు రేకు నా మోచేతికి జానెడు దూరంలో ఆగింది. ఇంజను వేడి చెంపకి తగిలింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఒడియాలో నానా తిట్లూ తిట్టాడు. కండక్టరు బస్సు రేకు మీద దబదబా బాదాడు. లోపల ఎవరో పిల్ల ఏడ్చింది.

ఇంత జరుగుతుంటే లోకనాథం ఆటోని దాటి, మళ్ళీ ఎడమ అంచుకి చేరి, పాటకి తల ఆడిస్తూ వెళ్ళిపోతున్నాడు. వెనక్కి తిరగలేదు. తన వెనక ఏదో జరిగిందని ఆయనకి తెలీనే తెలీదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ బస్సు కాదు. ఆ వీపు. అంత ప్రశాంతంగా ఉన్న వీపుని నేను మళ్ళీ చూడలేదు.

దూరంగా కుడి పక్కనుంచి దాటుకుని, బాగా ముందుకెళ్ళి స్కూటీ ఆపి, రోడ్డు అంచున ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఊపాను. నన్ను చూసి కాలు ఆన్చి ఆగాడు. మొహం నిండా నవ్వు. నేను మాట్లాడకుండా ఆయన చెవిలోంచి వైరు లాగేశాను.

"ఏటమ్మా, ఏటైంది?" అన్నాడు కంగారుగా. "మీరు సెప్పినట్టే ఎడం సెవిలోనే ఎట్టేను కదా."

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డు పక్కన ఏడుస్తూనే చెప్పాను. నేను తప్పు కొలిచానని, కుడి చెవి పనిచెయ్యడం లేదని నా అనుమానమని, వెంటనే మళ్ళీ పరీక్ష చెయ్యాలని. ఇప్పుడు బస్సు ఎంత దగ్గరికి వచ్చిందో కూడా చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. నవ్వు మెల్లగా పోయింది. ఇందాక మీదేనా మిస్డ్ కాల్ అని అడిగాడు. ఎవరిదో కొత్త నంబరు, ఆర్డరేమోనని ఫోను జేబులోంచి తీసి చూస్తూ తొక్కానని చెప్పాడు.

సైకిలు తెలిసిన హోటల్లో పెట్టించి ఆయన్ని స్కూటీ వెనక ఎక్కించుకుని తీసుకొచ్చాను. ఈసారి తొందర లేదు. హోరు వేరు, కూత వేరు అని మూడుసార్లు చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపి గదిలో కూర్చున్నాడు. ఎడమ చెవిలో వాన మొదలుపెట్టి, కుడి చెవిలో కూత పంపాను. అరవై డెసిబెల్స్. డెబ్బై. ఎనభై. ఆ శబ్దం మామూలు చెవిలో పెడితే మనిషి హెడ్‌ఫోన్లు పీకి పారేస్తాడు. తొంభై. వంద. నూటపది. మిషన్ అక్కడితో ఆగిపోయింది. లోకనాథం వేలు మోకాలి మీదే సిద్ధంగా ఉంది. ఆయన అద్దంలోంచి నా వైపు ఓపిగ్గా చూస్తున్నాడు.

"వాన సౌండు వస్తందమ్మా," అన్నాడు. "పరీక్ష ఎప్పుడు మొదలెడతారు?"

అప్పటికి పరీక్ష అయిపోయింది.

సాయంత్రం అయిదున్నరకి డాక్టరుగారు వచ్చారు. రెండు గీతలూ ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. పొద్దుటి కాగితాన్ని చాలాసేపు చూసి, దీని మీద నేను సంతకం పెట్టేసేవాడినే అన్నారు. ఆ రోజు తరవాత మా క్లినిక్‌లో మాస్కింగ్ లేకుండా ఒక్క కాగితం బయటికి పోలేదు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా అని డాక్టరుగారు లోకనాథాన్ని అడిగారు. వచ్చాయట, ఏడో ఏట. ఆ జబ్బు ఒక్కోసారి ఒక చెవి నరాన్ని చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. రెండో చెవి అన్నీ వినేస్తుంటుంది గనక ఏళ్ళ తరబడి ఎవరికీ తెలీదు. శబ్దం ఉందని తెలుస్తుంది, ఎటునుంచో తెలీదు. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడానికి కారణం అదే. ఆ చెవి తిరిగి రాదని డాక్టరుగారు చెప్పారు.

అప్పటికి రిపోర్టు కోసం దమయంతి వచ్చి కూర్చుంది. చేతులకి ఇంకా పిండి ఉంది. ఆవిడకి చెప్పాల్సింది నేనే అనుకున్నాను. మాస్కింగూ షాడో కర్వూ వదిలేసి, పొద్దున్న నేను చెప్పింది తప్పని, నా తొందర వల్ల మీ ఆయన చావు దాకా వెళ్ళొచ్చాడని చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆవిడ గొంతు పెంచలేదు. "నాను పదేళ్ళనుంచి తిడతన్నానమ్మా ఆయన్ని," అంది. "నా తిట్లకి బయపడి అడుగుకోపాలి ఎనక్కి సూసీవోడు. వైర్లు రెండు సెవుల్లోనూ ఉన్నా సూసీవోడు. ఇయ్యేల ఎందుకు సూడనేదంటే మీరు పర్లేదన్నారని. సెవి ముందే నేదు. ఉన్న బయం కూడా మీరు తీసీసేరు."

లోకనాథం ఊరుకోమని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఊరుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు. మళ్ళీ పై నెలలో డాక్టరుగారికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన సైకిలు హాండిలుకి కుడివైపు అద్దం ఉంది. ఫోను వస్తే దిగి, కొట్టు అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాడట. కొన్ని ఆర్డర్లు పోయాయని చెప్పాడు. దమయంతి నాతో మాట్లాడలేదు.

ఇప్పటికీ కాలేజీ పిల్లలు, డెలివరీ పనిచేసేవాళ్ళు, వాళ్ళ తల్లులు నన్ను అడుగుతుంటారు. సైకిలు మీద వెళ్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చా, పోనీ ఒక చెవిలో పెట్టుకుంటే పర్లేదా అని. వద్దంటాను. రెండు చెవులూ బాగున్నవాడికి కూడా ఒకటి మూసేస్తే బండి ఏ వైపునుంచి వస్తోందో తెలీదని చెప్తాను. అప్పుడు వాళ్ళు నా మొహంలోకి చూస్తారు, ఏదైనా ధైర్యం మాట చెప్తానేమోనని. ఒకప్పుడు చెప్పేదాన్ని. భయం తీసెయ్యడమే దయ అనుకునేదాన్ని. ఇప్పుడు ఏమీ అనను. మా క్లినిక్ మెట్ల కింద నిలబడి, రోడ్డు దాటేముందు వాళ్ళు బండి వస్తోందేమోనని రెండోసారి వెనక్కి తిరిగి చూస్తే, ఆ పూట నా పని నేను చేశానని అనుకుంటాను.